పెట్ స్కాన్‌లో 4.6 అంటే క్యాన్సరేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. కామెర్లు వస్తే పిత్తనాళంలో స్టెంట్ వేశారు. పదో రోజున విశాఖలో పెట్-సీటీ తీయిస్తే క్లోమం తలభాగంలో 2.8 సెం.మీ. గడ్డ, ఎస్‌యూవీ 4.6 అని వచ్చింది. ఆ రోజు షుగర్ 218. క్యాన్సర్ అని తేలిపోయినట్టేనా? ఇంకా సూది పరీక్ష అంటున్నారు, ఎందుకు?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: తేలలేదమ్మా. పెట్‌కి ఎక్కించే ఎఫ్‌డీజీ, ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజ్ లాంటి పదార్థం. చక్కెరను ఆబగా లాక్కునే కణాల్లోకి చేరి అక్కడే చిక్కుకుపోతుంది. క్యాన్సర్ కణాలు అలా లాక్కుంటాయి. వాపు ఉన్నచోట చేరే తెల్లరక్తకణాలూ లాక్కుంటాయి, చిక్కంతా అక్కడే. ఎస్‌యూవీ అంటే అది ఒకచోట ఎంతగా చేరిందో చెప్పే అంకె. 2.5 దాటితే క్యాన్సర్ అని కొందరు పెట్టుకునే గీత క్లోమం దగ్గర నిలబడదు. దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) గడ్డలు దాన్ని దాటేస్తాయి, కొన్ని క్యాన్సర్లు దానికి దిగువనే ఉండిపోతాయి.

మీ నాన్నగారి అంకెను రెండు వైపులా లాగినవి ఉన్నాయి. స్టెంట్ వేశాక నాళం చుట్టూ వాపు కొన్ని వారాలుంటుంది, అది అంకెను పెంచుతుంది. రక్తంలోని షుగర్ ఎఫ్‌డీజీతో పోటీపడి అంకెను తగ్గిస్తుంది. 200 దాటితే చాలా సెంటర్లు వాయిదా వేసేది అందుకే. పెంచిందెంతో తగ్గించిందెంతో లెక్కకట్టే దారి లేదు. వీలైతే స్కాన్లన్నీ స్టెంట్‌కి ముందే తీయించాలి. జ్వరం, చలితో నాళానికి ఇన్ఫెక్షన్ సోకితే మాత్రం స్టెంటే ముందు.

ఇప్పుడు వెంటనే మళ్లీ పెట్ తీయించి డబ్బు తగలేయకండి. దూరానికి పాకిందా అన్నది చూడటానికే అది బాగా అక్కరకొస్తుంది. ఈయూఎస్ చేయించండి: ఎండోస్కోపీ గొట్టం చివరి అల్ట్రాసౌండ్‌తో చూస్తూ చిన్నపేగు మొదట్లోంచి సూదితో ముక్క తీస్తారు. రక్తంలో ఐజీజీ4 అనే యాంటీబాడీ కూడా చూడమనండి. ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ (ఒంటి రోగనిరోధక శక్తే క్లోమం మీద పడి తెచ్చే వాపు) అచ్చం ఇలాగే గడ్డకట్టి కామెర్లు తెస్తుంది, స్టెరాయిడ్లకే కరుగుతుంది. రక్తంలో చూసే క్యాన్సర్ సూచిక సీఏ 19-9ని కామెర్లు తగ్గాకే నమ్మాలి, ఉత్తినే నాళం మూసుకున్నా అది పెరుగుతుంది. సూదిలో ఏమీ దొరకకపోయినా సీటీలో అనుమానం గట్టిగా ఉంటే సర్జన్లు మళ్లీ ముక్క తీయాలనో, ఆపరేషనే చేయాలనో అంటారు. అది మొండితనం కాదు. ఈ క్యాన్సర్‌లో గట్టి నారపదార్థం మధ్య కణాలు పలచగా ఉంటాయి, సూదికి తగలకపోవచ్చు.

ప్రశ్న: అమ్మకి క్లోమం తోకలో 1.4 సెం.మీ. గడ్డ. పెట్‌లో ఏమీ మెరవలేదు. నిశ్చింతగా ఉండొచ్చా?
— రాయగడ

జవాబు: అప్పుడే వద్దు. నెమ్మదిగా పెరిగే న్యూరోఎండోక్రైన్ గడ్డలు (హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టేవి) ఎఫ్‌డీజీని పెద్దగా తీసుకోవు. సీటీ ధమని దశలో (ఎక్కించిన కాంట్రాస్ట్ ధమనుల్లో ఉన్నప్పుడు) గడ్డ బాగా వెలిగిందని రాసి ఉంటే గాలియం-68 డోటాటేట్ పెట్ గురించి అడగండి. అది కణం మీది సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ గ్రాహకాలను వెతుకుతుంది. దానిలోనూ ఒక మోసం ఉంది: తోకలో ఒదిగిపోయిన అదనపు ప్లీహం ముక్క కూడా మెరుస్తుంది. జిగురు నిండిన తిత్తులైతే ఎఫ్‌డీజీకి అంతంతమాత్రమే, వాటికి ఎమ్మారై, ఈయూఎస్ మేలు.

ప్రశ్న: పెట్‌కి రైల్లో వస్తున్నాం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— గుణుపురం

జవాబు: ముందురోజే విశాఖ చేరండి. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకూ సగమైపోతుంది, మీ పేరున తెప్పించిన మోతాదు రైలు కోసం ఆగదు. ఆరు గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు తాగొచ్చు, టీ వద్దు. నీరసంగా ఉందని ఊళ్లో గ్లూకోజ్ సెలైన్ ఎక్కించుకుని బయల్దేరేవారుంటారు, పరీక్ష చెడటానికి అదొక్కటి చాలు. ఇన్సులిన్ వాడేవారు సెంటర్‌కి ముందే ఫోన్ చేయండి. వేగంగా పనిచేసే ఇన్సులిన్‌కీ ఎఫ్‌డీజీకీ కనీసం నాలుగు గంటల ఎడం లేకపోతే ఎఫ్‌డీజీ కండరాల పాలవుతుంది. ఎక్కించాక గంటసేపు దుప్పటి కప్పుకుని కదలకుండా పడుకోవాలి. చలి వేస్తే మెడ దగ్గరి కొవ్వు కూడా మెరుస్తుంది. ఆ రోజంతా పసిపిల్లలకు, గర్భిణులకు కాస్త ఎడంగా ఉండండి. వచ్చేటప్పుడు రిపోర్టుతో పాటు సీడీ అడిగి తీసుకోండి, సర్జన్ చూసేది దాన్నే.