భైరవి దారిలో వింటే ఆ కాలం తెలుస్తుంది

శాస్త్రీయ సంగీతంలో ఇష్టమైన కాలం ఏది, అందులో ఏ రచనలు వినాలి అని అడిగారు. నేను నేర్చుకున్నదీ రోజూ వినేదీ కర్ణాటక సంగీతమే కాబట్టి అందులోంచే చెబుతాను. నాకు ఇష్టమైనది తంజావూరు మరాఠా రాజుల కాలం, అందులోనూ 18వ శతాబ్దం మధ్య నుంచి 1847లో త్యాగరాజస్వామి సిద్ధి పొందేదాకా. ఇది అందరూ చెప్పే జవాబే కదా అనుకుంటారేమో. అయితే ఆ కాలం అనగానే చాలామంది త్యాగరాజస్వామి అయిదు పెద్ద కృతులు, అంటే పంచరత్నాలతో మొదలుపెట్టి పంచరత్నాలతోనే ఆపేస్తారు. నేను మాత్రం ఒకే ఒక్క రాగం పట్టుకుని ఆ కాలమంతా వినమంటాను. ఆ రాగం భైరవి.

భైరవే ఎందుకంటే, దానికి రెండు ధైవతాలు, అంటే ‘ధ’ స్వరం రెండు రకాలు. పైకి వెళ్లేటప్పుడు కాస్త ఎత్తుగా ఉండే చతుశ్రుతి ధైవతం, కిందికి దిగేటప్పుడు శుద్ధ ధైవతం. పుస్తకంలో చదివితే ఇంతే. గొంతులోకి వచ్చేసరికి ఆ రెండింటి మధ్య దూరం, నిషాదం మీద ఊపు, గాంధారం పలికే తీరు, ఇవేవీ స్వరలిపి చూసి పాడితే వచ్చేవి కావు. ఒకరు పాడుతుంటే విని, వాళ్ల వెనకాల పాడి, మళ్లీ విని తెచ్చుకోవాల్సిందే. అలాంటి రాగాన్ని తరతరాల వాళ్లు తీసుకుని ఎవరికి వారు ఏం చేశారో వరసగా వింటే, ఒక కాలం ఎలా ఎదిగిందో చెవికే తెలుస్తుంది.

కొంచెం వెనక్కి వెళ్లి క్షేత్రయ్యతో మొదలుపెట్టండి. ఆయనది 17వ శతాబ్దం, తంజావూరులో విజయరాఘవ నాయకుడి రోజులు. మన కృష్ణా జిల్లా మొవ్వ గోపాలుడి పేరు ముద్రగా పెట్టి ఆయన రాసిన పదాలు, అంటే నిదానంగా పాడే శృంగార గీతాలు, తమిళ దేశంలో బతికాయంటే, వాటిని ప్రాణంలా దాచుకుని తర్వాతి తరాలకు నేర్పిన దేవదాసీ కుటుంబాల చలవే. వీణ ధనమ్మాళ్ (1867-1938) ఇంటి వాళ్లకు మనం ఎంతో రుణపడి ఉన్నాం. ఆవిడ మనవరాళ్లు బృంద, ముక్త పాడిన పదాలు దొరికితే వదలకండి. భైరవిలో ‘రామ రామ ప్రాణసఖి’ అనే పదం ఉంది. చౌకకాలంలో, అసలు కదులుతోందా లేదా అన్నంత నిదానంగా నడుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు విసుగొస్తే మానేయకండి, ఇంకో రోజు మళ్లీ వినండి. అంత నిదానంలోనే భైరవికి ఊపిరి ఆడుతుంది. నా లెక్కలో తర్వాత వచ్చినదంతా ఈ నిదానంలోంచే పుట్టింది.

ఇప్పుడు ‘విరిబోణి’ వర్ణం. రాసినది పచ్చిమిరియం ఆదియప్పయ్య, తంజావూరు ఆస్థాన విద్వాంసుడు, శ్యామశాస్త్రికి గురువు. కచేరీలో ఇది మొదట్లోనే వచ్చేస్తుంది, జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటూ ఉంటారు కాబట్టి చాలామంది చెవిన పడదు. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఇది అటతాళంలో ఉంటుంది, అంటే తాళం ఒక చుట్టుకు (ఆవర్తానికి) పద్నాలుగు అక్షరాలు. అంత పొడుగు ఆవర్తంలో ఒక్కచోట కూడా ఖాళీ నింపడానికి వేసిన స్వరం కనిపించదు. మా మాస్టారు ఆదితాళ వర్ణాలు, మోహన, అభోగి అన్నీ అయ్యాకే దీని జోలికి రానిచ్చారు. మొదలుపెట్టాక కూడా సాహిత్యం, అంటే మాటలు, పాడనివ్వలేదు, ముందు స్వరం, అదీ చేత్తో తాళం వేస్తూ. ఎక్కడ గమకం, అంటే స్వరం మీది ఊపు, తేలిపోయినా చెయ్యెత్తి ఆపేసేవారు, ఏమీ అనేవారు కాదు, తను ఒకసారి పాడి చూపించేవారు. ‘చిరునవ్వు మోమున’ అనే చరణం దగ్గరికి వచ్చాక, ఆ ఒక్క లైన్ చుట్టూ స్వరాలు ఒకదాన్ని మించి ఒకటి పెరుగుతూ ప్రతిసారీ తిరిగి అక్కడికే చేరుతుంటే, భైరవిలో ఏయే దారులున్నాయో అన్నీ ఆదియప్పయ్యే నడిచి చూపించాడనిపించింది. ఇప్పటికీ భైరవి ఆలాపన పాడబోయే వాళ్లు ముందు ఈ వర్ణం రెండు వేగాల్లో పాడుకుంటే చాలు, రాగం నోట్లోకి వచ్చేస్తుంది.

ఆ గురువు దగ్గర నేర్చుకున్న శిష్యుడు అదే రాగంలో ఏం చేశాడో చూడండి. శ్యామశాస్త్రి (1762-1827) భైరవి స్వరజతి ‘కామాక్షి అనుదినము’ నా మొత్తం జాబితాలో మొదటిది. ఒక్కటే వినే టైం ఉందంటే ఇదే వినండి. స్వరజతి అంతకుముందు నాట్యానికి వాడేది, అడుగులకు పలికే జతులతో నడిచేది. ఆయన జతులు తీసేసి, కూర్చుని పాడుకునే, కళ్లు మూసుకుని వినే రచనగా మార్చేశారు. తాళం మిశ్రచాపు, తకిట తకధిమి, మొత్తం ఏడు అక్షరాలు. ఎనిమిది చరణాలు. మొదటిది షడ్జంతో (స) ఎత్తుకుంటే రెండోది రిషభం (రి), మూడోది గాంధారం (గ), అలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ ఎనిమిదోది తారషడ్జంలో (పై స) ‘శ్యామకృష్ణ సహోదరి’ అంటూ మొదలవుతుంది. ఈ సంగతి ముందే తెలిసి వినడం వేరు. ప్రతి చరణానికీ ముందు స్వరం, తర్వాత అదే వరసలో సాహిత్యం పాడతారు కాబట్టి, స్వరం అయ్యేసరికే దాని ఆకారం చెవికి అందుతుంది, సాహిత్యం వచ్చేసరికి అదే బాట మాటలతో నిండుతుంది. పల్లవి మాటలు చూడండి: ‘అనుదినము మరువకనె నీ పాదములే దిక్కనుచు నమ్మితిని శ్రీ కంచి కామాక్షి’. తంజావూరులో ఉంటూ కంచి కామాక్షిని పిలవడమేమిటంటే, ఆ బంగారు కామాక్షి విగ్రహం దండయాత్రల రోజుల్లో కంచి నుంచి తరలి ఊళ్లు తిరిగి చివరికి తంజావూరు చేరింది, ఆ అమ్మవారికి అర్చన చేసే కుటుంబం శ్యామశాస్త్రిది. ఆయన రోజూ పూజ చేసే అమ్మవారితోనే ఈ మాటలు అంటున్నారు. అది తెలిశాక నేను ఈ స్వరజతిని స్పీడుగా పాడితే వినలేకపోతున్నాను. ఈ మధ్య కచేరీల్లో కొందరు టైం చాలదని తొందరగా నడిపించేస్తున్నారు, కొందరు మధ్యలో చరణాలు వదిలేస్తున్నారు. మెట్లు వదిలేస్తే ఎనిమిదో చరణంలో తారషడ్జం అందుకున్నప్పుడు కలగాల్సిన ఆనందం కలగదు. పాడితే పూర్తిగా పాడాలి, లేకపోతే ఇంకో చిన్న కృతి పాడుకోవాలి, నా అభిప్రాయం ఇంతే.

త్యాగరాజస్వామి భైరవి దగ్గరికొస్తే దారి మారుతుంది. ‘కొలువైయున్నాడే కోదండపాణి’ వినండి, రాముడు కొలువు తీరిన దర్బారు. ఒకే లైన్‌ను మార్చి మార్చి పాడే సంగతులు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోయే ఆయన పద్ధతి భైరవిలో ఎంత నిండుగా ఉంటుందో ఇందులో తెలుస్తుంది. కానీ నా మనసు ఇంకో చిన్న పాట మీద ఉంది: ‘రక్ష బెట్టరే దొరకు’. ఉత్సవ సంప్రదాయ కీర్తన. రాముడికి దిష్టి తగలకుండా రక్ష పెట్టండమ్మా అని. పెద్ద పెద్ద సంగతులు లేవు, భజన గోష్ఠిలో నలుగురూ కలిసి పాడుకునేలా ఉంటుంది. మా ఇంట్లో అమ్మమ్మ సంగీతం నేర్చుకోలేదు, రాగం పేరు అడిగితే చెప్పలేదు, అయినా ఈ కీర్తన ఆవిడ నోట భైరవిలోనే పలికేది, కిందికి దిగేటప్పుడు ఆ శుద్ధ ధైవతం సరిగ్గా అక్కడే పడేది. విద్వాంసుల రాగాన్ని వంటింటి దాకా తీసుకొచ్చినది ఆ కాలమే. నాకు ఆ కాలం మీద ఇంత ప్రేమ ఉండడానికి అసలు కారణం ఇదే.

ఆ కాలంలోనే ఉన్న ముత్తుస్వామి దీక్షితార్ గురించి తక్కువ చెబుతున్నానని అనుకోకండి, ఆయన సంస్కృత కృతుల మీద నాకున్న పరిచయం కొంచెం తక్కువ. భైరవిలో ఆయన ‘బాలగోపాల’ మాత్రం తప్పకుండా వినండి, వీలైతే వీణ మీద. ఆయన వైణికుడు కాబట్టి ఆ నడక వీణ మీద ఇంకా బాగా తెలుస్తుంది.

మరి అన్నమయ్య కాలం ఎందుకు చెప్పలేదని ఎవరైనా అడుగుతారు. సాహిత్యంగా నాకు అన్నమయ్యే ముందు. కానీ తిరుమల రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి గానీ స్వరాలు లేవు. మనం ఈనాడు వింటున్న వరసల్లో ఎక్కువ భాగం 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి గారు లాంటి పెద్దలు కూర్చినవి. అవీ గొప్పవే, కాకపోతే వాటిని 15వ శతాబ్దపు సంగీతంగా లెక్క వేయలేం. తంజావూరు రచనలు అలా కాదు, గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి తెగకుండా వచ్చాయి. త్యాగరాజు శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన దగ్గర బాలమురళీకృష్ణ. అంటే కావేరి ఒడ్డు పాట కృష్ణ ఒడ్డుకు రావడానికి మధ్యలో ఎంతోమంది అవసరం పడలేదు.

వినే వరస ఒకటి చెబుతాను. ఒకరోజు విరిబోణి, అదీ పాట ముందు, ఆ తర్వాత వయొలిన్ మీద. రెండు మూడు రోజులు దాన్నే వినండి, వేరేవి కలపకండి. తర్వాత స్వరజతి, చేత్తో ఏడు లెక్క వేసుకుంటూ. అది ఒంటబట్టాక కొలువైయున్నాడే, రక్ష బెట్టరే. క్షేత్రయ్య పదం చివర్లో వినండి, కాలంలో ముందుదే అయినా చెవికి అదే కష్టం. ఇదంతా అయ్యాక కూడా ఇంకా ఆకలి ఉంటే శ్యామశాస్త్రివే తోడి, యదుకుల కాంభోజి స్వరజతులు ఉన్నాయి. తోడిలో ‘రావే హిమగిరి కుమారి’తో మొదలుపెట్టండి.