'నోస్ఫెరాటు': 1922 నాటి మూకీ ముందు చూడాలా, 2024 నాటి రీమేక్ ముందు చూడాలా?

రాబర్ట్ ఎగర్స్ తీసిన 2024 నాటి 'నోస్ఫెరాటు' చూసేముందు మూర్నావ్ తీసిన 1922 నాటి మూకీని తప్పనిసరిగా చూడాలా అని అడిగారు. చూడండి, అయితే సరైన ప్రతి దొరికితేనే. దొరకని పక్షంలో నేరుగా రీమేక్ చూడడమే మేలని నా అనుభవం.

2025 జనవరిలో ఎగర్స్ చిత్రం బెంగళూరుకు వచ్చినప్పుడు, ముందుగా పాతదాన్ని చూసి వెళ్దామని, మారతహళ్లిలోని మా గదిలో నేనూ, ఉద్యోగ ప్రయత్నాల కోసం అనంతపురం నుంచి వచ్చి నా దగ్గర ఉంటున్న మా పిన్ని కొడుకూ కలిసి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన మొదటి ప్రతిని ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాం. భయం మాట అటుంచి, నవ్వు ఆపుకోలేకపోయాం. రక్తపిశాచి అయిన ఓర్లాక్ ప్రభువు తన శవపేటికను తానే చంకన పెట్టుకుని వీధులు దాటుతుంటే, "ఏంటన్నయ్యా, పట్టపగలు పెట్టె మోసుకుపోతుంటే ఊళ్లో ఒక్కడూ చూడడా?" అన్నాడు మావాడు. చివర్లో సూర్యకాంతి తగిలి ఓర్లాక్ మాయమైనప్పుడు వాడు వేసిన ప్రశ్న ఇంకా గట్టిది: "సినిమా అంతా ఎండలో తిరిగినవాడు ఇప్పుడు ఎండకు ఎలా చచ్చాడు?"

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. తప్పు మేం చూసిన ప్రతిలో ఉంది. రాత్రి జరిగే ఆ వీధి దృశ్యాలను మూర్నావ్ పగటి వెలుగులోనే తీశాడు. తర్వాత ప్రింటులో ఆ భాగాలకు నీలిరంగు పట్టించారు. నీలం కనిపిస్తే రాత్రి, పసుపు కనిపిస్తే దీపపు వెలుగు, గులాబీ కనిపిస్తే తెల్లవారుజాము అని ఆనాటి ప్రేక్షకుడు ఇట్టే గ్రహించేవాడు. మాకు దొరికిన ప్రతిలో ఆ రంగులు లేవు గనుక రాత్రులన్నీ పగళ్లయిపోయాయి. ఈ సినిమాకు ఆధారమైన బ్రామ్ స్టోకర్ 1897 నవలలో డ్రాకులా పగలు కూడా తిరగగలడు; రక్తపిశాచి ఎండకు చావడమనేది ఈ సినిమా కల్పనే. అంటే రంగులు పోయిన ప్రతిలో ఏకంగా కథకు ఆయువుపట్టే పోయిందన్నమాట.

ఈ పరిస్థితికి ఒక కారణం కోర్టు తీర్పు. నవలను అనుమతి లేకుండా వాడుకున్నారని స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ దావా వేయగా, 1925లో జర్మనీ న్యాయస్థానం ప్రతులన్నిటినీ నాశనం చేయమని ఆదేశించింది. అప్పటికే ఇతర దేశాలకు చేరిన ప్రింట్లు బతికాయి, వాటికి నకళ్లు, ఆ నకళ్లకు నకళ్లు పుట్టాయి; ఆ క్రమంలోనే రంగులు పోయాయి.

వారం తర్వాత ఒక మల్టీప్లెక్సులో రాత్రి ఆట చూశాం. ఎగర్స్ ఛాయాగ్రాహకుడు జారిన్ బ్లాష్కే వెన్నెల రాత్రులను దాదాపు రంగే లేనట్టుగా చూపించాడు. కొవ్వొత్తి వెలిగిన చోట మాత్రమే మనిషి ముఖానికి పసుపుదనం వస్తుంది. ఓర్లాక్‌గా వేసిన బిల్ స్కార్స్‌గార్డ్ ముఖాన్ని చాలాసేపు చీకట్లోనే ఉంచి, మృతభాషయిన డేసియన్‌లో అతని గొంతు వినిపిస్తుంటే, మా వరుసలో పాప్‌కార్న్ నమలడం కూడా ఆగిపోయింది. సరిగ్గా ఆ బిగి మీద విరామం వేసి, దీపాలన్నీ వెలిగించి, ఒక ప్రెషర్ కుక్కర్ ప్రకటన ఆడించిన ఆ హాలువారిని నేనింకా క్షమించలేదు. అయితే ఈ ఓర్లాక్‌కు పెట్టిన గుబురు మీసం నాకు నచ్చలేదు. పాతదాంట్లో ఓర్లాక్‌గా వేసిన మాక్స్ ష్రెక్ ఎలుకను తలపించే ఆకారం ముందు ఇతను కుళ్లిన జమీందారులా ఉన్నాడు. కథానాయిక ఎలెన్ విషయంలో మాత్రం కొత్తదే మిన్న. పాతదాంట్లో ఆమె ప్రధానంగా ఆఖరి త్యాగానికి పనికొచ్చే పాత్ర, ఇక్కడ కథ మొదలయ్యేదే ఆమెతో.

ఆ తర్వాత పునరుద్ధరించిన మూకీ ప్రతిని వెతికి పట్టుకున్నాను. పారిస్‌లోని సినిమాథెక్ అనే సినిమా భాండాగారంలో మిగిలిన, రంగులు పట్టించిన పాత ప్రింటు ఆధారంగా దాన్ని తయారుచేశారు; అప్పట్లో ఈ మూకీకి హాన్స్ ఎర్డ్‌మాన్ కూర్చిన సంగీతాన్ని కూడా పునర్నిర్మించి జోడించారు. శవపేటిక మోసే వీధి ఈసారి నీలంగా ఉంది. మావాడు ఏమీ అనలేదు, లేచి వెళ్లి ట్యూబులైటు ఆర్పి వచ్చి కూర్చున్నాడు.

మీరు వెతికేటప్పుడు నిడివి చూడండి. సుమారు 94 నిమిషాలు ఉండి, ఆ వీధి నీలంగా కనిపిస్తే ఆ ప్రతితో ధైర్యంగా మొదలుపెట్టండి.