ఆదివారం పెళ్ళిచూపులు, ఫోన్‌లో ఇంకొకతను

ప్రశ్న: మేడమ్, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. నాకు 27, హైదరాబాద్‌లో జాబ్. ఆరు నెలల క్రితం డేటింగ్ యాప్‌లో ఒకతను పరిచయమయ్యాడు, కాకినాడ అబ్బాయి, బెంగళూరులో పని చేస్తున్నానంటాడు, రెండుసార్లు కలిశాం, రోజూ మాట్లాడుకుంటాం, నాకు చాలా ఇష్టం. ఇంట్లో ఏమో మధ్యవర్తి భీమవరం సంబంధం తెచ్చాడు, రొయ్యల చెరువులున్నాయట, వచ్చే ఆదివారం పెళ్ళిచూపులు. యాప్‌లో వాళ్ళని నమ్మకూడదని అక్క, అరగంట చూసి పెళ్ళెలా చేసుకుంటావని ఫ్రెండ్స్. ఏది మంచిదండి? ఇంకోమాట, ఇతను ఇంటి అడ్రస్ అడిగితే తర్వాత చెప్తా అంటాడు.

జవాబు: అమ్మా, నీ ఉత్తరంలో నాకు గుండె కలుక్కుమన్నది ఆ చివరి ముక్క దగ్గరే.

నా సంగతి చెప్తా విను. మాది నరసాపురం, మావారిది గోదావరి అవతల సఖినేటిపల్లి వైపు. పెళ్ళిచూపుల్లో మేం పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు, కానీ అంతకు ముందే మా బాబాయ్ పంటు ఎక్కి అవతలికెళ్ళి రెండ్రోజులు వాకబు చేసొచ్చాడు, రేవు దగ్గర టీ కొట్లో కూర్చున్నాడు, కిరాణా కొట్టాయన్ని కదిపాడు. ఆయన ఖాతా పుస్తకం తీసి, నెల తిరిగేసరికి బాకీ తీరిపోద్దండి, ఆ అబ్బాయే వచ్చి కట్టెళ్తాడు అని ఆ పేజీలే చూపించాడట. మా నాన్న ఆ మాటకే సరేనన్నారు.

పెళ్ళిచూపులంటే మీకు ఆ అరగంటే కనపడుతుంది గానీ దాని వెనకాల ఇంత తిరుగుడు ఉండేది. యాప్‌లో ఫోటో, ఎత్తు, ఉద్యోగం అన్నీ ఎవరికి వాళ్ళు రాసుకున్నవే, పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లలో కులం, నక్షత్రం కూడా ఉంటాయి గానీ అవీ వాళ్ళు టైప్ చేసినవే కదా. అయితే నీకున్న ఆరు నెలల మాటలు నాకు లేవమ్మా, మావారికి కోపమొస్తే రెండ్రోజులు అన్నం ముట్టరని నాకు పెళ్ళయిన మూడో నెలలో గానీ తెలీలేదు, ఖాతా పుస్తకంలో అది ఉండదు మరి. అందుకే యాప్ తప్పని నేననను, ఆ అబ్బాయి మీద కూడా మా బాబాయ్ చేసినట్టు వాకబు చెయ్యమంటాను.

అడ్రస్ అడుగు, ఈ వారంలోనే. వాళ్ళమ్మగారితో వీడియో కాల్ మాట్లాడించమను, ఆఫీసు పేరు కనుక్కో, మీ అక్కని తోడు తీసుకుని కాకినాడ వెళ్ళి ఆ వీధిలో నలుగుర్ని అడుగు. నిజమైన వాడైతే రమ్మంటాడు. అప్పుడు కూడా తర్వాత అంటే ఇంక అక్కడితో ఆపెయ్ తల్లీ, పెళ్ళయినవాడే అయి ఉండొచ్చు. డబ్బు అవసరమంటే రూపాయి పంపకు, ఇప్పటికే పంపి ఉంటే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యి, సైబర్ మోసాలకి ఉన్న నంబరది.

భీమవరం సంబంధానికీ ఇదే లెక్క. చెరువులు సొంతవా లీజువా, అప్పులెంత అని మీ నాన్నగార్ని కనుక్కోమను, ఒక్క పంటకి వైరస్ తగిలితే చాలు తలకిందులవుతాయి. మధ్యవర్తికి సంబంధం కుదిరితేనే డబ్బులు, అన్నీ చెప్పడు. కట్నం మాటొస్తే ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 చట్టం ప్రకారం నేరమే.

కాకినాడ అబ్బాయి నిజమని తేలితే కులాలు వేరైనా భయం లేదు, ఇద్దరూ హిందువులైతే 1955 హిందూ వివాహ చట్టం చాలు, మతాలు వేరైతే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది, దానికి 30 రోజుల ముందు నోటీసివ్వాలి.

కానీ ముందు ఆదివారం సంగతి చూడు. మనసులో ఒకర్ని పెట్టుకుని ఇంకొకళ్ళ ముందు కూర్చోకు, ఆ భీమవరం అబ్బాయి కూడా ఎంతో ఆశతో వస్తాడు, వాళ్ళమ్మ పళ్ళూ పూలూ పట్టుకుని వస్తుంది. ఈ రాత్రే మీ నాన్నగారికి ఫోన్ చేసి, నెల్రోజులు ఆగమని, ఎందుకో కూడా చెప్పు. అరుస్తారు, అరవనీ. తెల్లారాక మీ అమ్మతో ఇంకోసారి మాట్లాడు.