బ్రిటన్ సైన్యపు పేమాస్టర్లు అంత డబ్బు ఎలా సంపాదించారు?

సైన్యానికి జీతాలు పంచే 'పేమాస్టర్ ఆఫ్ ది ఫోర్సెస్' పదవి చేసినవాళ్లలో అంతమంది శ్రీమంతులు ఎలా అయ్యారు, అదంతా దొంగతనమేనా అని అడిగారు. సికింద్రాబాద్‌లో రక్షణ పద్దుల ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను కాబట్టి ఈ చరిత్ర నాకు చాలా ఇష్టం. చాలావరకు అది దొంగతనం కాదు, అప్పటి పద్ధతే అలా ఉండేది.

1661లో రెండో చార్లెస్ ఈ పదవి పెట్టినప్పుడు ఖజానా నుంచి డబ్బు ఆలస్యంగా వచ్చేది. మొదటి పేమాస్టర్ స్టీఫెన్ ఫాక్స్ తన పరపతి మీద అప్పు తెచ్చి సైనికులకు వేళకు జీతం ఇచ్చేవాడు. బదులుగా పౌనుకు ఒక షిల్లింగు, అంటే ఇరవయ్యో వంతు, జీతంలో కోత పడేది. పాపం సైనికుడికి గత్యంతరం లేదు. తర్వాత ఆ కోత డబ్బు చెల్సీలోని వృద్ధ సైనికుల ఆశ్రమానికీ వెళ్లింది.

అసలు లాభం చేతిలో ఉన్న నిల్వది. ఖజానా ఇచ్చిన సొమ్ము పేమాస్టర్ సొంత ఖాతాలో ఉండేది, దాని మీద వడ్డీ ఆయనదే. యుద్ధం వస్తే నిల్వ పెరిగేది. ఫ్రాన్స్‌తో జరిగిన ఏడేళ్ల యుద్ధంలో (1756-63) ఈ పదవిలో ఉన్న హెన్రీ ఫాక్స్ 1765లో దిగిపోయాక కూడా ఏళ్ల తరబడి లెక్కలు తేల్చలేదు. మా ఆఫీసులో బదిలీ అయితే క్యాష్ బుక్ నిల్వ, అక్విటెన్స్ రోల్స్ (జీతం ముట్టినట్టు సంతకాలు పెట్టే పట్టీలు) సరిచూసి సంతకాలు పెట్టనిదే చార్జి అప్పగించినట్టు కాదు. అలా పనిచేసినవాడిని కాబట్టి, లెక్క తేలని మనిషి నిశ్చింతగా ఇంట్లో ఉన్నాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

అందరూ అలా లేరు. 1746లో పదవిలోకి వచ్చిన విలియం పిట్ ఆ వడ్డీ ముట్టుకోలేదు. కానీ ఒకరి నిజాయితీ తర్వాతివాళ్లను కట్టడి చేయదు కదా! ఆ పని 1782లో ఎడ్మండ్ బర్క్ చేశాడు. పేమాస్టర్‌గా ఉంటూనే చట్టం తెచ్చి, సొమ్ము బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్‌లో, పదవి పేరు మీద ఉండేలా మార్చాడు. మనిషి మారితే నిల్వ కొత్తవాడికి వెళ్తుంది. తనకు రాబోయే లాభాన్ని తానే వదులుకున్నాడు. అందుకే ఆయనంటే నాకు గౌరవం. 1785లో ఆర్కాటు నవాబు అప్పుల మీద, ఈస్టిండియా కంపెనీ మనుషుల వడ్డీ వ్యాపారం మీద పార్లమెంటులో విరుచుకుపడింది కూడా ఈయనే. మన నెల్లూరు ప్రాంతం అప్పట్లో ఆ నవాబు కిందే ఉండేది.

1836లో ఈ పదవిని, నౌకాదళం వంటి ఇతర చెల్లింపు పదవులతో కలిపి 'పేమాస్టర్ జనరల్' చేశారు. ఆ పేరుతో మంత్రి ఇప్పటికీ ఉన్నారు, కాకపోతే సైనికుల జీతాలతో సంబంధం లేదు.