అమ్మలూ, కొంగల్ని కూడా రాయి

అమ్మలూ,

బైనాక్యులర్ కొన్నానని, పక్షుల లిస్టు మొదలుపెట్టానని నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ నాకు కాలు నిలవడం లేదు. ఫోన్‌లో అన్నీ చెప్పలేక ఇది రాస్తున్నాను.

"నలభై రకాలు చూశాను మామయ్యా, కాకులూ కొంగలూ కలపకుండానే" అన్నావు చూడు, ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ముందు రాయాల్సింది వాటినే. నేను పక్షుల లెక్కలు రాసుకున్న మొదటి పుస్తకంలో పిచ్చుక ఒక్కసారి కూడా లేదు. మన పాత పెంకుటింట్లో దూలాల సందుల్లో గూళ్ళు పెట్టేవి, పొద్దున్నే వాటి గోలకే లేచేవాళ్ళం. రోజూ ఉండేవే కదా అని రాయలేదు. ఇల్లు తీసి డాబా వేశాక అవి ఏ ఏడు వెళ్ళిపోయాయో, అంతకుముందు ఎన్ని ఉండేవో ఇవాళ నేను చెప్పలేను. అది నాకిప్పటికీ బాధే.

పేరు ఒక్కటీ రాస్తే సగం రాసినట్టే. తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా చూశావు, ఎక్కడ, ఎన్ని పక్షులు, ఇవన్నీ ఉండాలి. "చాలా ఉన్నాయి" అని మాత్రం రాయకు. దమ్ము చేసే ట్రాక్టర్ వెనక కొంగలు మూగుతాయి కదా, అక్కడ పది లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఉన్నాయో చూసుకుని, మిగతా గుంపంతా పదుల్లో లెక్కకట్టు. అంచనా అయినా అంకె ఉంటే పనికొస్తుంది.

ఆ కొంగలు కూడా ఒక్క రకం కావు. నల్ల ముక్కు, నల్ల కాళ్ళు, వేళ్ళు మాత్రం పసుపు అయితే చిన్న తెల్లకొంగ. బురదలోంచి కాలు ఎత్తేదాకా ఆ పసుపు కనబడదు, ఓపిక పట్టు. పొట్టి పసుపు ముక్కుతో గేదెల వెంట తిరిగేది పశువుల కొంగ; గూళ్ళు పెట్టే కాలంలో దాని తలా మెడా నారింజ రంగుకి తిరుగుతాయి. పెద్ద తెల్లకొంగకి నోటి గీత కన్ను దాటి వెనక్కి వెళుతుంది, మధ్యరకం దానికి కంటి కిందే ఆగిపోతుంది. ఈ గీత చూడ్డం నాకు చేతకావడానికి రెండేళ్ళు పట్టింది.

తేల్చుకోలేకపోతే "ఏదో ఒక తెల్లకొంగ" అని రాయి, తప్పు లేదు. నేను ఒకసారి కాకినాడ దగ్గర, హోప్ ఐలాండ్ వైపు ఇసుకదిబ్బల మీద, పక్కనున్నాయన చెప్పాడని ఇండియన్ స్కిమ్మర్ అని రాసేసుకున్నాను. నేను చూసింది దూరంగా ఎగిరిపోతున్న నలుపూ తెలుపూ మాత్రమే. కొన్నేళ్ళకి అసలుది చూశాను. నారింజ ముక్కు, పైదానికంటే కింది ముక్కు పొడుగు, దాన్ని నీళ్ళలో ఆనించి గీత గీసుకుంటూ పోతోంది. ఇంటికి రాగానే పాత ఎంట్రీ కొట్టేశాను.

కోరింగ మడ అడవులకి వెళ్ళు. చలికాలంలో ఉత్తరాన చలి దేశాల నుంచి వచ్చే ఉల్లంకి పిట్టల కోసమైతే పోటు ఎక్కే వేళకి ఉండేలా చూసుకో. నీళ్ళు తీసినప్పుడు బురద మీద ఎక్కడో చెల్లాచెదురుగా ఉంటాయి, పోటుకి ఒడ్డువైపు జరుగుతాయి. కానీ ఏడాదికి రెండుసార్లు కోరింగ కంటే, వారానికోసారి మన పంటకాలవ గట్టు మీద లాకుల దాకా అదే అరగంట నడక నీకు ఎక్కువ నేర్పుతుంది.

పెన్సిలుతో రాయి. 1996 నవంబరు తుపానుకి ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు నా పుస్తకాలన్నీ తడిశాయి. ఇంకుతో రాసిన పేజీలు నీలం మరకలైపోయాయి. పెన్సిలుతో రాసిన రెండు పుస్తకాలు ఎండబెడితే అక్షరం చెక్కు చెదరలేదు. ఇప్పుడు నీకు ఆ టెన్షన్ లేదు. సాయంత్రం ఇంటికొచ్చాక ఈబర్డ్‌లో ఎక్కించెయ్యి, పక్షుల లెక్కలు దాచుకునే వెబ్‌సైటు అది, డబ్బు కట్టక్కర్లేదు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళ పక్షుల సంస్థ 2002లో పెట్టింది. పాత తేదీల లెక్కలు కూడా తీసుకుంటుంది, నావి కొంచెం కొంచెంగా ఎక్కిస్తున్నాను. గుర్తుపట్టిన పక్షులన్నీ రాశావా అని చివర్లో అడుగుతుంది. కాకుల్ని వదిలేసి "అవును" అని నొక్కకు. అప్పుడు ఆ రోజు అక్కడ కాకి లేదని లెక్క.

గూడు కనబడితే పుస్తకంలోనే ఉంచుకో, ఫోటో ఎవరికీ పంపకు.

ప్రతి జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల్ని లెక్కపెడతారు. సంక్రాంతికి వస్తావు కాబట్టి ఈసారి మన ఊరి చెరువు నువ్వూ నేనూ లెక్కపెడదాం. భోగి మంట దగ్గర కూర్చుండిపోకుండా ఆరింటికల్లా గట్టు మీద ఉండాలి. నీటికాకులు నువ్వు చూడు, మునుగుడు కోళ్ళు నేను చూస్తాను. అవి మునిగి ఇంకోచోట తేలతాయి, కొత్తవాళ్ళకి లెక్క తప్పుతుంది. రెండు పెన్సిళ్ళు చెక్కి ఉంచుతాను.

మీ మామయ్య