ఉరుములకు వణికే కుక్కను ఎలా ఆదుకోవాలి?

పెంపుడు జంతువుల ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుల జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా సొంత ఊరు అనంతపురం. చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. మా ఇంట్లో మల్లి అనే ఆరేళ్ల ఆడకుక్క ఉంది. నాటు జాతి, వీధిలో దొరికిన పిల్లను తెచ్చి పెంచుకున్నాం. నాలుగేళ్లు వచ్చేవరకు ఎంత ఉరుము ఉరిమినా తల ఎత్తి కూడా చూసేది కాదు. గత రెండు వేసవులుగా మాత్రం మబ్బు పట్టగానే ఒళ్లంతా వణుకుతోంది, చొంగ కారుస్తోంది, బాత్‌రూములో కమోడు వెనక దూరి ఎంత పిలిచినా రావడం లేదు. మొన్నటి వానలో వీధి తలుపు గీరి గీరి గోరు విరగ్గొట్టుకుంది. అలవాటైతే భయం పోతుందని మావారు ఒకటి రెండుసార్లు దాన్ని బాల్కనీలో ఉంచి తలుపు వేశారు. దగ్గరకు తీసి నిమిరితే భయం ఇంకా ముదురుతుందని మా అత్తగారు అంటున్నారు. ఈ మధ్య సోఫా ఎక్కడానికీ మెట్లు దిగడానికీ కూడా బద్ధకిస్తోంది. మేం ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, అన్నిటికంటే ముందు బాల్కనీలో ఉంచడం ఈ రోజుతో మానేయండి. మీవారు మంచి ఉద్దేశంతోనే ఆ పని చేశారు. అయితే తప్పించుకునే దారి లేని చోట భయపడిన జంతువు ధైర్యం నేర్చుకోదు, ఆ చోటును కూడా భయపడవలసిన వాటి జాబితాలో చేర్చుకుంటుంది. గోరు విరిగేదాకా తలుపు గీరిందంటే దాని భయం ఇప్పటికే తీవ్ర స్థాయికి చేరింది. అంత భయంలో ఉన్న కుక్క బాల్కనీ గోడ దూకడానికి కూడా వెనుకాడదు.

మీ అత్తగారి మాటకు వస్తాను, ఎందుకంటే ఇదే మాట నాకు చాలా ఇళ్ల నుంచి వినిపిస్తుంది. కుక్కకు శిక్షణ ఇచ్చేవారు కూడా ఒకప్పుడు అదే చెప్పేవారు కనుక ఆమెను తప్పు పట్టడానికి లేదు. కూర్చోమంటే కూర్చున్నందుకు బిస్కెట్టు ఇస్తే మళ్లీ కూర్చుంటుంది, ఎందుకంటే కూర్చోవడం అది తన ఇష్టంతో చేసే పని. వణకడం అలాంటి పని కాదు. అది ఒంట్లో పుట్టే ఉద్వేగం. జ్వరంతో ఉన్న బిడ్డ తల నిమిరితే జ్వరం పెరగనట్టే, మీరు నిమిరినందువల్ల మల్లి భయం పెరగదు. అది మీ పక్కకు వస్తే దగ్గరకు తీసుకోండి, నెమ్మదిగా మాట్లాడండి, ఒళ్లో తల పెట్టుకోనివ్వండి. కమోడు వెనకే ఉంటానంటే బయటికి లాగకండి. కిటికీలు చిన్నవిగా ఉండి, నలువైపులా గోడలు దగ్గరగా ఉండే చోటును అది తనకు తానే వెతుక్కుంది. ఆ ఎంపికను గౌరవించి అక్కడ ఒక పాత దుప్పటి పరచండి, నీళ్ల గిన్నె పెట్టండి, తలుపు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచండి.

మీ ఉత్తరంలో చివరన, యథాలాపంగా రాసిన ఒక వాక్యం నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. చిన్నప్పటి నుంచి లేని భయం నడివయసులో మొదలైంది, ఆ కాలంలోనే సోఫా ఎక్కడానికీ మెట్లు దిగడానికీ వెనుకాడుతోంది. మీరు బద్ధకం అంటున్నది కీళ్ల నొప్పో నడుము నొప్పో కావచ్చు. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, శబ్దాలకు భయపడే కుక్కల్లో ఒళ్లు నొప్పులున్న వాటికి ఆ భయం మిగతా వాటికంటే ఆలస్యంగా, పెద్ద వయసులో మొదలైనట్టు గమనించారు. పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడి కండరాలు బిగుసుకున్నప్పుడల్లా నొప్పి కలుక్కుమంటే, ఆ చప్పుడుకూ నొప్పికీ కుక్క మనసులో ముడి పడిపోతుందన్నది వారి వివరణ. కాబట్టి మల్లిని వెంటనే పశువైద్యుడికి చూపించి తుంటి, మోకాళ్లు, వెన్ను పరీక్ష చేయించండి, అవసరమైతే ఎక్స్‌రే తీయించండి. మీకు తెలిసిన వైద్యుడు లేకపోతే హెబ్బాళలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు. నొప్పి ఉందని తేలితే దానికి చికిత్స జరగకుండా భయానికి ఎన్ని ఉపాయాలు చేసినా ఫలితం అంతంతమాత్రమే. నొప్పి తగ్గుతుందని ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ వంటి మాత్రలు మాత్రం వేయకండి. మొదటిది కుక్కల కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను, రెండోది కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ఇక భయం సంగతి. కుక్క చెవి మనకు అందని సన్నని ధ్వనులను సుమారు 45,000 హెర్ట్జ్ వరకు వింటుందన్నది నిజమే గాని, ఉరుము సన్నని ధ్వని కాదు, లోతైన ధ్వని. అసలు చిక్కు ఏమిటంటే ఉరుము ఒంటరిగా రాదు. ముందు గాలి మారుతుంది, మట్టివాసన వస్తుంది, ఆకాశం నల్లబడుతుంది, మెరుపు మెరుస్తుంది, ఆ తర్వాత ఉరుముతుంది. రెండు మూడు వేసవులు గడిచేసరికి కుక్క ఈ వరుస మొత్తాన్ని గుర్తుపెట్టుకుని మొదటి గాలికే వణకడం మొదలుపెడుతుంది. మల్లి మబ్బు పట్టగానే దాక్కుంటోందంటే అది ఈ దశకు చేరిందన్నమాట. అందుకే చీకటి పడకముందే కర్టెన్లు మూసి దీపాలు వేయండి; మెరుపు కనబడకపోతే ఆ వరుసలో ఒక ముడి తెగుతుంది. ఫ్యాను తిరుగుతూ, టీవీయో పాటలో మామూలు స్థాయిలో వినిపిస్తూ ఉంటే దూరపు ఉరుములు కొంత కలిసిపోతాయి.

తిండి ఇక్కడ మీకు గొప్ప ఆయుధం. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, పనీరు వంటి వాటిలో మల్లి ప్రాణం పెట్టేదేదో దాన్ని చిన్న ముక్కలు చేసి దగ్గర పెట్టుకోండి. ఉరుము వినిపించిన ప్రతిసారీ, అది వణుకుతున్నా సరే, వెంటనే ఒక ముక్క ఇవ్వండి. ఈ క్రమం తప్పకూడదు: ముందు ఉరుము, తర్వాత ముక్క. తారుమారైతే ముక్క కనబడగానే ఉరుము వస్తుందని నేర్చుకుని తిండికే భయపడుతుంది. 2020లో స్టెఫానీ రీమర్ అనే పరిశోధకురాలు బాణసంచాకు భయపడే కుక్కల యజమానులను విచారించినప్పుడు, చప్పుడు తర్వాత తిండి పెట్టడమో ఆడించడమో చేసినవారిలో 70 శాతానికి పైగా అది పనిచేసిందని చెప్పారు. అయితే ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ కలిసిన కూర, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న చూయింగ్‌గమ్ కుక్కలకు విషం. పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి. ఎంత ఇష్టమైనది పెట్టినా వాసన కూడా చూడకపోతే, భయం తిండితో లొంగే స్థాయి దాటిందని అర్థం. అప్పుడు మందు సాయం కావాలి.

మందు అనగానే చాలామంది చివరి ప్రయత్నంగా చూస్తారు, ఆలోగా కుక్క రెండు మూడేళ్లు నరకం పడుతుంది. నేను దీనితో ఏకీభవించను. మల్లి తనను తాను గాయపరచుకుంది కనుక మీరు ఈ సీజనులోనే వైద్యుడితో మందుల గురించి మాట్లాడాలి. ట్రాజడోన్, గాబాపెంటిన్ వంటివి వాన వచ్చే రోజున వాడేవి. ఫ్లూయాక్సెటిన్, క్లోమిప్రమిన్ రోజూ ఇవ్వవలసినవి, వాటి గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. గోమార్లకు అమిట్రాజ్ కలిసిన మందు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి, ఎందుకంటే పైన చెప్పిన వాటిలో కొన్ని దానితో కలిస్తే ప్రమాదం. ఏస్‌ప్రొమజిన్ అనే మత్తుమందు ఒక్కటే ఇస్తామంటే మాత్రం మరొక్కసారి అడగండి. అది శరీరాన్ని కదలకుండా చేస్తుందే గాని భయాన్ని తగ్గించదు, పైకి నిద్రపోతున్నట్టున్న కుక్క లోపల వణుకుతూనే ఉంటుంది.

వాన రోజు వాడే మందు భయం ముదరకముందే ఒంట్లోకి చేరాలి. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో పగలంతా ఎండ కాసి సాయంత్రానికి ఉరుముల వాన రావడం మామూలే, సెప్టెంబరు, అక్టోబరుల్లోనూ అంతే. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారుచేసిన దామిని యాప్ మీ చుట్టూ 20 నుంచి 40 కిలోమీటర్ల దూరంలో పిడుగులు పడుతుంటే తెలియజేస్తుంది. అది ఫోనులో ఉంటే కొంత వ్యవధి దొరుకుతుంది. ఆ నెలల్లో సాయంత్రపు నడకను మబ్బు పట్టకముందే ముగించండి, మెడపట్టీ మీద మీ ఫోను నంబరు రాయించండి, కుక్క ఎవరిదో గుర్తించడానికి చర్మం కింద పెట్టే మైక్రోచిప్ వేయించండి. ఉరుముకు బెదిరి లిఫ్టు తలుపు దాటిన కుక్క ఔటర్ రింగు రోడ్డు మీదికి చేరడానికి ఎంతోసేపు పట్టదు.

రికార్డు చేసిన ఉరుములు వినిపించి అలవాటు చేసే పద్ధతి ఉంది గాని, దాన్ని ఇప్పుడు మొదలుపెట్టకండి. దీపావళి టపాసులు సద్దుమణిగాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఆకాశం తేటగా ఉండే నెలలే దానికి తగినవి. ఫోను స్పీకరు ఆ లోతైన ధ్వనిని పలికించలేదు కనుక పెద్ద స్పీకరు కావాలి. మల్లి చెవి కూడా కదపనంత తక్కువ స్థాయిలో మొదలుపెట్టి, ముక్కలు తినిపిస్తూ, కొన్ని రోజులకొకసారి కొద్దిగా పెంచండి. అది నోరు తడుపుకోవడం, తల తిప్పుకోవడం చేస్తే మళ్లీ తగ్గించండి. ఒంటికి బిగుతుగా చుట్టే జాకెట్లతో కొన్ని కుక్కలు కుదుటపడతాయి, కొన్నిటికి ఏ తేడా ఉండదు. దానికి ఇష్టమైతే వాడవచ్చు.

ప్రశ్న: మా ల్యాబ్రడార్ కూడా ఉరుములకు భయపడుతుంది. మా నాన్నగారు ఆందోళన తగ్గడానికి వేసుకునే ఆల్ప్రజోలాం మాత్ర పశువైద్యులు కూడా రాస్తారని విన్నాను. సగం ముక్క ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, యలహంక, బెంగళూరు

జవాబు: ఇవ్వకండి. ఆ మందును కుక్కలకు వాడతారన్నది నిజమే, కానీ మోతాదు బరువును బట్టి, కాలేయం పనితీరును బట్టి వైద్యుడు లెక్కకడతారు. కొన్ని కుక్కలకు అది శాంతినివ్వడానికి బదులు ఉద్రేకం కలిగిస్తుంది, అరుదుగా కరిచే స్వభావం కూడా బయటపడుతుంది. అందువల్ల వైద్యుడు రాసిన మందునైనా ఉరుములు లేని రోజున, మీరు ఇంట్లో ఉండి గమనించగలిగిన వేళ మొదటిసారి వేసి చూడాలి. ఇప్పటికే ఇచ్చి ఉంటే, కుక్క తూలుతున్నా మగతగా ఉన్నా ఆ మాత్రల అట్టను వెంట తీసుకుని, ఎన్ని గంటలకు ఎంత ఇచ్చారో చెబుతూ ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.