మాల్దీవులకు డాలర్లు ఎన్ని, నగలు ఎన్ని?

ప్రశ్న: మాది విజయవాడ. నేనూ నా భార్యా మాల్దీవులకు వెళ్లి నాలుగు రాత్రులు రిసార్టులో ఉంటాం. నగదు ఎంత తీసుకెళ్లాలి? ఆమె నగలు, పూజకు చిన్న వేంకటేశ్వరస్వామి విగ్రహం వెంట ఉంటాయి. కస్టమ్స్‌లో ఇబ్బంది అవుతుందా?

జవాబు: ముందు విగ్రహం సంగతి. దయచేసి దాన్ని ఇంట్లోనే ఉంచండి. పూజా విగ్రహాలను మాల్దీవుల్లోకి తేవడం అక్కడ నిషేధం. మద్యం, పంది మాంసం కూడా తేకూడదు. దారిలో కొలంబో డ్యూటీ ఫ్రీలో కొన్న సీసానైనా రాజధాని మాలే విమానాశ్రయంలో ఆపేస్తారు. ఈ-సిగరెట్లకు 2024 నవంబరు నుంచి అనుమతి లేదు. నిద్రమాత్రలు, గాఢమైన నొప్పి మాత్రలు వాడుతుంటే డాక్టరు చీటీ దగ్గర పెట్టుకోండి.

నగదుగా 400 డాలర్లు చాలు. అందులో 1, 5, 10 డాలర్ల నోట్లు ఎక్కువగా అడిగి తీసుకోండి, టిప్పులకు అవే అక్కరకొస్తాయి. మన నిబంధనల ప్రకారం ఒక్కో ప్రయాణానికి ఒక్కొక్కరు 3,000 డాలర్ల వరకు నోట్లుగా తీసుకెళ్లవచ్చు గానీ అంత అవసరం మీకు రాదు. మన రూపాయలు 25,000 దాటకుండా ఉంచుకోండి. అవి తిరిగొచ్చాక టాక్సీకి పనికొస్తాయి, అక్కడ చెల్లవు. స్థానిక కరెన్సీ రుఫియా. డాలరుకు సుమారు 15.42 వస్తాయి. రిసార్టులో డాలర్లు, కార్డులే నడుస్తాయి. మాలే, దాని పక్క దీవి హుల్హుమాలే అంగళ్లలో ఏమైనా కొనాలనుకుంటేనే 20 డాలర్లు మార్చుకోండి. మిగిలిన రుఫియాను ఇక్కడికొచ్చాక మార్చుకోవడం కష్టం.

బడ్జెట్ తప్పేది రిసార్టు బిల్లు దగ్గరే. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే అది అసలు ధర కాదు. దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జి వేసి, ఆ మొత్తం మీద 17 శాతం పర్యాటక జీఎస్టీ వేస్తారు. 100 డాలర్ల భోజనం మొదట 110, చివరికి 128.70 అవుతుంది. ఇది కాక గ్రీన్ ట్యాక్స్ మనిషికి రోజుకు 12 డాలర్లు. ఇద్దరికి నాలుగు రోజులకు 96. గది ధరలో ఇవన్నీ కలిశాయా అని బుకింగ్‌కు ముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. రిసార్టుకు సీప్లేన్‌లో వెళ్లాలంటే అది పగలే ఎగురుతుంది. మీ విమానం సాయంత్రం దిగితే ఒక రాత్రి హోటల్ ఖర్చు అదనం.

బిల్లు క్రెడిట్ కార్డుతో కట్టండి. రిసార్టువాళ్లు చేరగానే కొంత మొత్తాన్ని డిపాజిట్‌గా బ్లాక్ చేస్తారు. ఫారెక్స్ కార్డు (ముందే డాలర్లు నింపుకునే కార్డు) ఇస్తే మీ సొంత డబ్బే కొన్నాళ్లు ఇరుక్కుపోతుంది. మెషిన్ ‘రూపాయల్లోనా, డాలర్లలోనా’ అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు వాళ్ల ఇష్టం. కార్డు మార్కప్ (విదేశీ కరెన్సీ చెల్లింపుపై బ్యాంకు వేసే రుసుము) 3.5 శాతమైతే 500 డాలర్ల బిల్లుకు 17.50, దాని మీద జీఎస్టీతో 20.65 డాలర్లు అదనం. మార్కప్ తక్కువున్న కార్డు ముందే చూసుకోండి.

టూర్ ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు. మీ పాన్ మీద ఆదాయపు పన్ను రికార్డులో కనిపిస్తుంది, రిటర్నులో సర్దుబాటు చేసుకోవాలి. చాలామంది ఈ మొత్తం అడగడమే మర్చిపోతారు.

ఇక నగలు. మంగళసూత్రం, రోజూ వేసుకునేవి చాలు, బరువైనవి లాకర్లో పెట్టండి. ఏడాదికి పైగా విదేశాల్లో ఉండి వచ్చినవారికే నగల సుంకం మినహాయింపు వర్తిస్తుంది, వారం పర్యటనకు వెళ్లొచ్చినవారికి ఉండదు. అందుకే తిరిగొచ్చేటప్పుడు, ఈ హారం ఇక్కడినుంచి తీసుకెళ్లిందేనని మీరే నిరూపించుకోవాల్సి రావచ్చు. బరువైన నగ తప్పదనుకుంటే, అంతర్జాతీయ విమానం ఎక్కే చోట, అంటే శంషాబాద్ గానీ బెంగళూరు గానీ, కస్టమ్స్ కౌంటర్లో ఎగుమతి సర్టిఫికెట్ తీసుకోండి. నగ ఫొటోలు, తూకం, వివరం ఉన్న వాల్యుయేషన్ పత్రం వెంట ఉండాలి. దీనికి గంట ముందే వెళ్లండి. తిరుగు ప్రయాణంలో ఆ సర్టిఫికెట్‌ను చెక్-ఇన్ పెట్టెలో వేయొద్దు, చేతిసంచిలో ఉంచండి.

మాల్దీవుల ఇమ్మిగ్రేషన్ ఆన్‌లైన్ ఫారమైన ఇమూగా ప్రయాణ డిక్లరేషన్‌ను వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ విమానానికి ముందు 96 గంటల లోపు నింపాలి. ఇది ఉచితం. డబ్బు అడిగే సైటు మాల్దీవుల ఇమ్మిగ్రేషన్‌ది కాదు. పగడాలు, తాబేలు చిప్పలతో చేసిన వస్తువులు కొనొద్దు. రెండు దేశాల్లోనూ కేసు అవుతుంది. మిగిలిన డాలర్లు 2,000 లోపైతే మీ దగ్గరే ఉంచుకోవచ్చు. దాటితే 180 రోజుల్లోగా బ్యాంకులో ఇచ్చేయాలి.